సింధియా పేరు వెనుక వాల్‌చంద్

యారాడ : విశాఖ నుంచి యారాడ వచ్చే దారిలో సింధియా జంక్షన్ తెలియనివారుండరు. ఆ పేరు ఒక ఓడల కంపెనీది. దానిని అమ్మనీయక, మూతపడనీయక నిలబెట్టిన డైరెక్టరు కీ.శే. వాల్‌చంద్ హీరాచంద్.

ఆయన 1882లో షోలాపూర్‌లో వ్యాపార కుటుంబంలో జన్మించారు. మొదట రైల్వే కంట్రాక్టులు చేశారు. గ్వాలియర్ మహారాజా సింధియా వద్ద నుంచి ‘లాయల్టీ’ అనే ఓడను కొని, మిత్రులతో కలసి 1919లో సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ పెట్టారు. ఆ ఏడాది ఏప్రిల్ 5న లాయల్టీ బొంబాయి నుంచి లండన్ బయలుదేరింది. ఆ తేదీనే నేడు జాతీయ నౌకాయాన దినంగా జరుపుతున్నారు.

అప్పట్లో మన తీరంలో తెల్లవారి కంపెనీలదే రాజ్యం. మన జిల్లా కూలీలు రంగూన్ వెళ్ళాలన్నా వారి ఓడలే దిక్కు. ఎదురునిలిచిన స్వదేశీ కంపెనీలు బతికి బట్టకట్టలేదు. తూత్తుకుడిలో చిదంబరం పిళ్ళై 1906లో పెట్టిన కంపెనీ, ఆయన జైలులో ఉండగా 1911లో మూతపడింది. కంపెనీ ఎత్తివేత అంటే ఆస్తులు అమ్మి, అప్పులు తీర్చి, మిగిలితే వాటాదారులకు పంచి, పేరు కొట్టివేయడమే.

సింధియాకూ ఆ గతే పట్టించాలని చూశారు. సరుకు కిరాయిలను నష్టం వచ్చేంతగా తగ్గించారు. 1922లో లార్డ్ ఇంచ్‌కేప్ కంపెనీని తమకే అమ్మేయమని అడిగారు. అమ్మితే వాటాదారుల సొమ్ము వారికి దక్కేది, వాల్‌చంద్‌కూ చిక్కు తీరేది. కాని ఆయన, చైర్మన్ నరోత్తం మొరార్జీ ససేమిరా అన్నారు. మరుసటి ఏడాది పదేళ్ళ ఒప్పందం కుదిరింది. ఎన్ని టన్నుల ఓడలు నడపాలో కూడా అవతలివారే హద్దు పెట్టారు. గౌరవమైన ఒప్పందమని ఎవరూ అనలేరు గాని, కంపెనీ ప్రాణం మాత్రం నిలిచింది. మొరార్జీ మరణించాక 1929లో వాల్‌చంద్ చైర్మన్ అయ్యారు.

ఓడలు నడిపితే చాలదు, ఇక్కడే కట్టాలన్నది ఆయన పట్టుదల. కలకత్తాలో అనువైన స్థలం దొరకలేదు. యారాడ కొండ అండ ఉన్న విశాఖ రేవు ఆయనకు నచ్చింది. 1933లో ఈ రేవులోకి మొదట వచ్చిన ‘జలదుర్గ’ కూడా సింధియా ఓడే. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ షిప్‌యార్డుకు శంకుస్థాపన చేశారు. ఏడాది తిరగకముందే, 1942 ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు విశాఖపై బాంబులు వేశాయి. యుద్ధకాలమంతా పని కుంటుతూనే సాగింది. చివరికి 1948 మార్చి 14న ఎనిమిది వేల టన్నుల ‘జల ఉష’ను ప్రధాని నెహ్రూ నీట దింపారు.

మరుసటి ఏడాదే వాల్‌చంద్‌కు పక్షవాతం వచ్చింది. 1950లో పదవులు వదిలారు. ఇక్కడ కట్టే ఓడకు విదేశీ ఓడకన్నా ఖర్చు ఎక్కువ. కంపెనీ ఆ బరువు మోయలేకపోయింది. 1952లో ప్రభుత్వం మూడింట రెండు వంతులు తీసుకొని హిందుస్థాన్ షిప్‌యార్డుగా మార్చింది. యార్డు మూతపడలేదు. కాని ఆయన చేయి దాటిపోయింది. 1953 ఏప్రిల్ 8న గుజరాత్‌లోని సిద్ధపూర్‌లో ఆయన కన్నుమూశారు. మిగిలిన వాటాను ప్రభుత్వం 1961లో తీసుకుంది.