మేడమ్ క్యూరీ: కనబడని కిరణాలు

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుల జీవితం రాయమని కార్యదర్శి గారు అడిగిన వెంటనే నాకు మేడమ్ క్యూరీ గుర్తుకు వచ్చారు. దానికి కారణం ఉంది. కొన్నేళ్ల క్రితం మా ఆవిడకు కేన్సర్ వస్తే డాక్టర్లు కరెంటు పెట్టాలన్నారు. మొదటి రోజు ఆమెను బల్ల మీద పడుకోబెట్టి, అందరూ బయటకు వెళ్లి బరువైన తలుపు మూసేశారు. పైగా ఆ కిరణాల వల్లే కేన్సర్ వస్తుందని ఎవరో చెప్పారు. మర్నాటి నుంచి రానని ఆమె భీష్మించుకు కూర్చుంది. రోగం తెచ్చేదే రోగం ఎలా పోగొడుతుందని నాకూ సందేహం కలిగింది. జవాబు కోసం వెతుకుతూ ఈ జీవితం చదివాను.

ఆమె అసలు పేరు మరియా స్క్లొదోవ్‌స్కా. 1867 నవంబరు 7న వార్సా నగరంలో ఉపాధ్యాయుల ఇంట పుట్టారు. పదేళ్ల వయసులో తల్లి క్షయతో చనిపోయారు. రష్యా ఏలుబడిలో ఉన్న ఆ నగరంలో విశ్వవిద్యాలయం ఆడపిల్లలను చేర్చుకునేది కాదు. అక్క పారిస్‌లో వైద్యం చదవడానికి ఆమె పరాయి ఇళ్లలో పిల్లలకు పాఠాలు చెప్పి డబ్బు పంపారు. 1891లో తానూ పారిస్ చేరి, 1893లో భౌతికశాస్త్రంలో ప్రథమురాలిగా నిలిచారు. 1895లో పియరీ క్యూరీని వివాహమాడారు.

యురేనియం నుంచి కనబడని కిరణాలు వస్తున్నాయని 1896లో బెకెరల్ కనిపెట్టారు. ఆ దారిన వెళ్లి క్యూరీ దంపతులు 1898లో పొలోనియం, రేడియం అనే మూలకాలను కనుగొన్నారు. కారే కప్పున్న ఒక పాకలో టన్నుల కొద్దీ ఖనిజపు పిప్పిని మరగబెట్టగా, 1902 నాటికి చేతికి వచ్చిన రేడియం లవణం గ్రాములో పదో వంతు. రాత్రిపూట ఆ గొట్టాలు మెరుస్తుంటే చూసి మురిసిపోయేవారట. వేళ్ల కొనలు గట్టిపడి పగిలినా పట్టించుకోలేదు. పద్ధతికి పేటెంటు కూడా తీసుకోలేదు. 1903లో నోబెల్ బహుమతి వచ్చింది. 1906లో పియరీ గుర్రపు బండి కింద పడి మరణించారు. ఇద్దరు ఆడపిల్లలతో మిగిలిన ఆమె 1911లో రెండో నోబెల్ అందుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో పెద్దమ్మాయి ఐరీన్‌ను వెంటబెట్టుకుని, ఎక్స్‌రే యంత్రాలున్న మోటారు బండ్లతో గాయపడిన సైనికుల దగ్గరకు వెళ్లారు.

ఇక ఆ కిరణాలు ఒంట్లో చేసే పని. జీవకణంలో ఎక్కువ భాగం నీరే. కిరణం తాకితే నీటి అణువు విరుగుతుంది. జంటగా ఉండవలసిన ఎలక్ట్రాన్ ఒంటరిదైన ఆ ముక్కను ఫ్రీ రాడికల్ అంటారు. దాని ఆయుష్షు సెకనులో వంద కోట్లవ వంతు మాత్రమే. ఆ లోపునే పక్కనున్న దాన్నల్లా కొరుకుతుంది. పక్కన డి.ఎన్.ఏ. ఉంటే దాని పోగు తెగుతుంది. ఎక్స్‌రేల వల్ల డి.ఎన్.ఏ.కు కలిగే హానిలో సుమారు మూడింట రెండు వంతులు ఇలా నీటి ద్వారా కలిగేదే.

రెండు పోగుల్లో ఒకటి తెగితే, ఆఫీసు ప్రతి చూసి చిరిగిన నకలు తిరిగి రాసినట్టు, కణం రెండోదాన్ని చూసి బాగుచేసుకుంటుంది. రెండూ ఒకచోటే తెగితే తప్పు అతుకు పడే ప్రమాదం ఎక్కువ. ఆ తప్పు పేరు మ్యుటేషన్. మన రెవెన్యూలో పట్టా మార్పునూ అలాగే అంటాం. అక్కడ దరఖాస్తు, విచారణ, సంతకం ఉంటాయి. ఒంట్లో జరిగేదానికి అవేమీ ఉండవు. కణం రెండుగా చీలిన ప్రతిసారీ తప్పుతో సహా నకలు తయారవుతుంది. అటువంటివి పోగుపడితే కేన్సర్ కావచ్చు. ఎక్స్‌రేలు సంతానానికి సంక్రమించే మార్పులు తెస్తాయని 1927లో ముల్లర్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు పండ్ల ఈగల మీద రుజువు చేశారు.

అప్పటికే మేరీ కళ్లకు శుక్లాలు కమ్మాయి. విడవకుండా చీలుతూ ఉండే మూలుగ కణాలకు ఈ దెబ్బ ఎక్కువ. చివరికి మూలుగ రక్తం తయారుచేయడం మానేసి, 1934 జూలై 4న, 66వ ఏట ఆమె కన్నుమూశారు. ఐరీన్ 1956లో రక్త కేన్సర్‌తో పోయారు. మేరీ రాసుకున్న పుస్తకాలను ఈనాటికీ సీసపు పెట్టెల్లో ఉంచుతున్నారు. రేడియం సగానికి తగ్గడానికే 1600 ఏళ్లు పడుతుంది మరి.

మా ఆవిడ సందేహానికి జవాబు కూడా ఇక్కడే దొరికింది. కేన్సర్ కణాలను చంపేదీ అదే దెబ్బ. మంచి కణానికి బాగుచేసుకునే శక్తి ఎక్కువ కనుక, నడుమ తేరుకునేందుకు మోతాదును రోజుకు కొంచెంగా పంచి, రోగం ఉన్నచోటికే గురిపెడతారు. తలుపు మూసేది, రోజూ అక్కడే పనిచేసేవారికి అనవసరంగా తగలకూడదని. మేరీకి అడ్డు రాని ఆ తలుపే ఇది. ఇదంతా రెండు సాయంత్రాలు కూర్చుని చెప్పాను. మూడో రోజు ఆమే ముందుగా చీర మార్చుకుని గుమ్మంలో నిలబడింది. 25 రోజులూ పూర్తి చేసింది. ఈ వ్యాసం శుద్ధప్రతిలో అక్షరదోషాలు దిద్దింది ఆమే.

మిత్రులకు ఒక మనవి. డాక్టరు అవసరమన్న ఎక్స్‌రేకు భయపడవద్దు. మనంతట మనం స్కానింగులు తీయించమని పట్టుబట్టవద్దు. ఈ పాటి ఎరుక మనకు కలగడానికి ఆ తల్లి తన ఒళ్లే ఖర్చుపెట్టింది.