లాస్ ఏంజిల్స్‌కు నీళ్ళు తెచ్చిన విలియం ముల్హాలండ్

వేసవిలో బోరు ఎండితే ట్యాంకరు కోసం బకెట్లు వరుసలో పెట్టి నిలబడిన వాళ్ళం మనం. అందుకే ఒక నగరానికి నీళ్ళు తెచ్చిన ఇంజనీరు జీవితాన్ని ఈ సంచికలో రాయాలనుకున్నాం.

విలియం ముల్హాలండ్ 1855లో ఐర్లాండులోని బెల్‌ఫాస్టులో జన్మించారు. చదువు సరిగా సాగలేదు. పదిహేనేళ్ళ వయసులో ఇల్లు వదిలి ఓడల్లో పనికి చేరారు. 1877లో అమెరికాలోని లాస్ ఏంజిల్స్ వచ్చి, మరుసటి ఏడాది అక్కడి నీటి కంపెనీ కాలువలో పూడిక తీసే పనికి కుదిరారు. పగలు పార పట్టడం, రాత్రి లెక్కల పుస్తకాలు, భూగర్భ శాస్త్రం చదవడం. ఇంజనీరింగ్ కాలేజీ గడప తొక్కకుండానే 1886లో ఆ కంపెనీకే సూపరింటెండెంట్ అయ్యారు! 1902లో నగరం ఆ కంపెనీని కొన్నప్పుడు ఏ గొట్టం ఎక్కడుందో కాగితాల్లో కన్నా ఆయన బుర్రలోనే ఎక్కువగా ఉందని చెబుతారు.

లాస్ ఏంజిల్స్‌లో వానలు తక్కువ. ఉన్న నది చిన్నది. 1900 నాటికే జనాభా లక్ష దాటింది, పైగా కరువు. 1904లో మాజీ మేయర్ ఫ్రెడ్ ఈటన్ ఆయన్ని సియెర్రా నెవాడా కొండల అవతలి ఓవెన్స్ లోయకు తీసుకెళ్ళారు. అక్కడ మంచు కరిగి నది పారుతోంది. 1908లో పని మొదలైంది. ఎడారిలో దాదాపు 375 కిలోమీటర్ల పొడవున కాలువలు, సొరంగాలు, ఉక్కు గొట్టాలు వేశారు. ఒక్క పంపు కూడా లేదు! లోయ ఎత్తులో ఉంది, నగరం పల్లంలో ఉంది. మధ్యలో గుట్టలు ఎక్కాల్సిన చోట మూసిన గొట్టాల్లోని ఒత్తిడే నీటిని పైకి తోసింది. 1913 నవంబరు 5న నీళ్ళు నగరం చేరాయి.

ఇక్కడితో ఆపితే సగం కథే చెప్పినవాళ్ళమవుతాం. లోయలో భూములు, నీటి హక్కులు కొన్నప్పుడు అవి నగరం కోసమని రైతులకు చెప్పలేదు. 1924లో పొలాలు ఎండిన రైతులు కాలువను డైనమైటుతో పేల్చారు. 1926కల్లా ఓవెన్స్ సరస్సు దుమ్ము నేల అయింది. మనలో చాలామంది పల్లెల నుంచి వచ్చినవాళ్ళమే కాబట్టి ఆ రైతుల బాధ వేరే చెప్పనక్కరలేదు.

1928 మార్చి 12 ఉదయం, ఆయనే కట్టించిన సెయింట్ ఫ్రాన్సిస్ డ్యాములో నీరు కారుతోందని కాపలాదారు కబురు పంపాడు. ముల్హాలండ్ వెళ్ళి చూసి, భయం లేదని చెప్పి వచ్చారు. ఆ అర్ధరాత్రికి ముందే డ్యాము తెగింది. 400 మందికి పైగా చనిపోయారు, వారిలో ఎందరో పొలం కూలీలు. కబురు చేసిన కాపలాదారు కూడా ఆ వరదలోనే పోయాడు.

విచారణలో ముల్హాలండ్ ఇతరుల మీద నెట్టలేదు, తప్పు తనదేనన్నారు. శిక్ష పడలేదు. కానీ ఇంత పెద్ద కట్టడాన్ని ఒక్క మనిషి నిర్ణయానికి వదలకూడదని జ్యూరీ తేల్చింది. డ్యాము ఒక పక్క పాత కొండచరియ మీద ఆనుకుని ఉందని చాలా ఏళ్ళ తర్వాత భూగర్భ శాస్త్రవేత్తలు కనుగొన్నారు. ఆయన ఉద్యోగం వదిలేసి, ఇంటికే పరిమితమై 1935లో కన్నుమూశారు.

ఆ కాలువ ఇప్పటికీ పారుతోంది. ఎండిన ఓవెన్స్ సరస్సులో దుమ్ము లేవకుండా 2001 నుంచి లాస్ ఏంజిల్స్ నగరమే అక్కడ నీళ్ళు పారిస్తోంది.