మారుపేరుకి దక్కిన మెప్పు

రెబెక్కా క్లార్క్ అనగానే పాశ్చాత్య సంగీతం తెలిసినవాళ్లు ఆమె రాసిన వయోలా సొనాటా గురించి చెబుతారు. నాకు మాత్రం ఆమె తండ్రి గురించి చెప్పకుండా కథ మొదలుపెట్టబుద్ధి కాదు. ఆయన అమెరికన్, తల్లి జర్మన్. లండన్ పక్కనున్న హారోలో 1886లో పుట్టింది రెబెక్కా. ఇంట్లో అందరూ కలిసి వాయించుకోవాలన్న సరదాతో పిల్లలకి సంగీతం చెప్పించింది ఆయనే. గోళ్లు కొరికినందుకు స్టీలు స్కేలుతో కొట్టిందీ ఆయనే.

1903లో రాయల్ అకాడమీలో చేరితే, అక్కడ పాఠం చెప్పే పెర్సీ మైల్స్ మాస్టారు పెళ్లి చేసుకుంటానన్నాడు. వెంటనే 1905లో తండ్రి చదువు మాన్పించేశాడు. ఎవరేం చేసినా చదువు ఆగేది ఆడపిల్లదే కదా! తర్వాత రాయల్ కాలేజీలో స్టాన్‌ఫర్డ్ దగ్గర స్వరరచన నేర్చుకుంది. వయొలిన్ మానేసి వయోలా పట్టమని సలహా ఇచ్చింది ఆయనే. చూడ్డానికి వయొలిన్‌లాగే ఉంటుంది, కాస్త పెద్దది, గొంతు కాస్త మంద్రం. నలుగురు కలిసి వాయిస్తుంటే ఈ వాద్యం మధ్యలో ఉంటుంది కాబట్టి, సంగీతం లోపల్లోపల ఎలా అల్లుకుంటుందో తెలుస్తుందని ఆయన ఉద్దేశం.

1910లో తండ్రికున్న బయటి సంబంధాల గురించి నిలదీసింది. ఇంట్లోంచి వెళ్లగొట్టాడు, డబ్బివ్వడం ఆపేశాడు. చదువు మళ్లీ మధ్యలోనే పోయింది. ఇక చేతిలో ఉన్న వయోలాయే ఆమెకి తిండి పెట్టింది. లండన్‌లో హెన్రీ వుడ్ నడిపే క్వీన్స్ హాల్ ఆర్కెస్ట్రాలో జీతానికి చేరిన తొలి ఆడవాళ్లలో ఆమె ఒకరు.

1918లో న్యూయార్క్‌లో కచేరీ. పక్కన సెల్లో వాయించింది ఆమె స్నేహితురాలు మే మకల్. కార్యక్రమపత్రంలో తన పేరు మరీ ఎక్కువసార్లు కనిపిస్తోందని మొహమాటపడి, ఒక రచనకి ఆంథొనీ ట్రెంట్ అని మగపేరు పెట్టింది. ఏమైందో ఊహించగలరా? విమర్శకులు ఆ లేని మనిషిని మెచ్చుకున్నారు. ఆమె పేరుతో ఉన్నవాటిని పెద్దగా పట్టించుకోలేదు. మరుసటి ఏడు అమెరికాలోనే, ఎలిజబెత్ కూలిడ్జ్ అనే సంపన్నురాలు పెట్టిన పోటీకి వయోలా సొనాటా పంపింది. వచ్చినవి 70కి పైగా. పేర్లు చూపకుండా తీర్పు చెప్పమంటే న్యాయనిర్ణేతలు రెండుగా చీలిపోయారు. కూలిడ్జ్ ఓటుతో బహుమతి ఎర్నెస్ట్ బ్లాక్‌కి వెళ్లింది. రెండో రచన ఒక ఆడమనిషిదని తెలిసి వాళ్లు నోళ్లు వెళ్లబెట్టారు. రెబెక్కా క్లార్క్ అనేది బ్లాక్ మారుపేరేనని పుకారు కూడా లేచింది. నాకైతే ఓడిపోవడం కన్నా ఈ పుకారే ఎక్కువ కష్టంగా తోస్తుంది.

1927లో నలుగురు ఆడవాళ్లు కలిసి ఇంగ్లిష్ ఆన్సాంబుల్ అని ఒక బృందం పెట్టుకున్నారు. పియానో, వయొలిన్, వయోలా, సెల్లో. వీళ్లది చాంబర్ సంగీతం. అంటే కర్ర తిప్పుతూ నడిపించే మనిషి ఉండడు, ఒకరి ఊపిరి ఒకరు కనిపెట్టుకుంటూ వాయించాలి. వయొలిన్ మార్జొరీ హేవర్డ్‌ది. గ్రామఫోన్ రికార్డుల్లో అప్పటికే పేరున్న వర్చువోసో క్వార్టెట్‌కి నాయకురాలు ఆమె. పియానో కాథ్లీన్ లాంగ్‌ది. మోజార్ట్, ఫోరే వాయించడంలో దిట్ట, రెండో ప్రపంచ యుద్ధంలో లండన్ నేషనల్ గ్యాలరీ కచేరీల్లో ఎన్నోసార్లు వాయించింది. సెల్లో మే మకల్‌ది. దేశాలు తిరిగిన మనిషి, లండన్‌లో సంగీతకారుల కోసం ఒక క్లబ్బు కూడా నడిపింది. ఎవరి సంపాదన వాళ్లది, ఎవరి పేరు వాళ్లది. కలిసి కూర్చుంటే మాత్రం ఒకటే సంగీతం.

1939లో యుద్ధం వచ్చేటప్పటికి రెబెక్కా అమెరికాలో అన్నదమ్ముల దగ్గరుంది. వీసా రాక అక్కడే చిక్కుకుపోయింది. 1942లో కనెక్టికట్‌లో ఒక ఇంట్లో పిల్లల్ని చూసుకునే పనికి కుదిరింది. అంత విద్వాంసురాలు! 1944లో న్యూయార్క్ వీధిలో పాత సహాధ్యాయి, పియానో విద్వాంసుడు జేమ్స్ ఫ్రిస్కిన్ అనుకోకుండా ఎదురయ్యాడు. ఆ సెప్టెంబరులోనే పెళ్లి. అప్పటికి ఇద్దరికీ 58 దగ్గర. ఆయన రాయమని ప్రోత్సహించినా ఆమె దాదాపు మానేసింది. పొద్దున్నే లేవగానే, రాత్రి పడుకోబోయే ముందు కూడా అదే ధ్యాస ఉంటే తప్ప స్వరాలు రాయలేనన్నది ఆమె వాదన. ఇల్లు నడిపే ఆడవాళ్లకి ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు.

చిన్నప్పుడు పెళ్లాడతానన్న ఆ పెర్సీ మైల్స్ తన స్ట్రాడివేరియస్ వయొలిన్‌ని ఆమెకి వీలునామాలో రాసిపోయాడు. తర్వాత ఆమె దాన్ని అమ్మి, తను చదువు మానాల్సి వచ్చిన రాయల్ అకాడమీలోనే సెల్లో వాయించేవాళ్లకి మే మకల్ పేరుతో బహుమతి పెట్టింది. 1976లో, ఆమె తొంభయ్యో పుట్టినరోజుకి, న్యూయార్క్ రేడియో ఒక కార్యక్రమం చేస్తే గానీ జనానికి ఆమె మళ్లీ గుర్తుకు రాలేదు. 1979లో 93 ఏళ్ల వయసులో పోయింది. ఆమె రచనల్లో సగానికి పైగా అప్పటికి అచ్చే కాలేదు. పోటీలో ఓడిన ఆ సొనాటా మాత్రం వయోలా నేర్చుకునేవాళ్లు తప్పకుండా సాధన చేసేవాటిలో చేరిపోయింది.