మోటారు నాయుడుగారు

మా మురమళ్ళ కొబ్బరితోటల్లో మోటారు వేస్తే నీళ్ళొస్తాయి. మనదేశంలో దాన్ని మొదట ఎవరు చేశారో చాలాకాలం నాకు తెలియదు. కోయంబత్తూరు దగ్గర కలంగల్‌లో 1893లో తెలుగు కుటుంబంలో పుట్టిన జి.డి. నాయుడుగారు బడి చదువు మధ్యలోనే మానేశారు. హోటల్లో సర్వరుగా కూడబెట్టిన డబ్బుతో ఓ దొరగారి మోటారుసైకిలు కొని, దాన్ని ఊడదీసి చూశారట! 1920లో పొల్లాచ్చి-పళని మధ్య ఒకే ఒక్క బస్సు నడిపారు. 1937లో డి. బాలసుందరం నాయుడుగారితో కలిసి పీలమేడులో తయారుచేసినదే తొలి స్వదేశీ విద్యుత్ మోటారు. 1945లో ఇంజనీరింగు కాలేజీ నెలకొల్పి ప్రిన్సిపాలయ్యారు. నాలుగేళ్ళ కోర్సు దండగ, రెండేళ్ళు చాలునన్నారు, ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన రాజీనామా ఇచ్చేశారు. ప్రయోగాలకంటే రికార్డు రాయడానికే ఎక్కువ రాత్రులు మేలుకొన్న నాకు ఆయన మాట సగమైనా నిజమేననిపిస్తుంది. 1974 జనవరి 4న కన్నుమూశారు.