స్థానం తప్పితే హక్కు తప్పుతుంది
(ముహమ్మద్ బిన్ మూసా అల్ ఖ్వారిజ్మీ జీవిత విశేషాలు)

ఇస్లాంలో ఆరాధనకూ లెక్కకూ విడదీయరాని సంబంధం ఉంది. నమాజు వేళలు, రమజాన్ రోజులు, జకాత్, వారసత్వ వాటాలు అన్నీ లెక్కతో ముడిపడినవే. లెక్క తప్పితే ఎవరిదో ఒకరి హక్కు తప్పుతుంది. అందుకే మన పూర్వపు పండితులు గణితాన్ని ధర్మానికి సేవకురాలిగా భావించి అభ్యసించారు. వారిలో అగ్రగణ్యుడు ముహమ్మద్ బిన్ మూసా అల్ ఖ్వారిజ్మీ.

ఆయన సుమారు క్రీ.శ. 780లో జన్మించి, సుమారు 850లో పరమపదించారు. అరల్ సముద్రానికి దక్షిణాన ఉన్న ఖ్వారిజ్మ్ ప్రాంతం పేరే ఆయనకు ఇంటిపేరైంది. జీవితంలో ముఖ్యభాగం బాగ్దాదులో గడిచింది. 813 నుండి 833 వరకు పాలించిన అబ్బాసీ ఖలీఫా మామూన్ విద్యాప్రియుడు. ఆయన ఆదరణలో బైతుల్ హిక్మా (విజ్ఞాన నిలయం)లో గ్రీకు, పారశీక, భారతీయ విద్యలను పండితులు అరబీలోకి తెచ్చారు. ఖ్వారిజ్మీ అక్కడే ఖగోళ పట్టికలు రూపొందించారు. 2,400కు పైగా ప్రదేశాల స్థానాలను తెలిపే భూగోళ గ్రంథం రాశారు.

భారతీయ అంకెలకు అరబీ బాట

అప్పట్లో బాగ్దాదు ప్రజలు వేళ్ళ మీద లెక్కించేవారు. అబ్జద్ పద్ధతిలో అక్షరాలతో సంఖ్యలు రాసేవారు. ఆ పద్ధతిలో అలిఫ్ అంటే 1, యా అంటే 10, ఖాఫ్ అంటే 100. అక్షరం ఎక్కడున్నా విలువ మారదు. భారతీయుల పద్ధతి వేరు. అక్కడ అంకె విలువను దాని స్థానమే నిర్ణయిస్తుంది. 555లో మూడు అంకెలూ ఒకటే అయినా కుడివైపుది ఐదు, మధ్యది యాభై, ఎడమవైపుది ఐదు వందలు. ఇలా పది గుర్తులతో ఎంత పెద్ద సంఖ్యనైనా రాయవచ్చు.

ఖ్వారిజ్మీ ఈ పద్ధతిని వివరిస్తూ ఒక గ్రంథం రాశారు. దీన్ని తన ఘనతగా చెప్పుకోక, హిందూ దేశపు లెక్కగానే పరిచయం చేశారు. విద్యలో ఆయన పాటించిన నిజాయితీ అది. దాని అరబీ మూలం నేడు లభించడం లేదు. 12వ శతాబ్దంలో యూరప్‌లో వెలువడిన లాటిన్ రూపాల ద్వారా మనకు తెలుస్తోంది. స్థానంలో అంకె లేకపోతే దాన్ని ఖాళీగా వదలక చిన్న వృత్తం పెట్టాలని అందులో ఆయన బోధించారు. అదే మన సున్న, అరబీలో సిఫర్. ఆయన పేరు లాటిన్‌లో మారి మారి, కంప్యూటర్ విద్యార్థులు నేర్చుకునే 'అల్గోరిథమ్' అయింది.

స్థానాలకు పేర్లు

శృంగవరపుకోటలోనైనా మరే ఊళ్ళోనైనా మన పిల్లలు బడిలో ఒకట్లు, పదులు, వందలు, వేలు, పదివేలు, లక్షలు అని వల్లిస్తారు. ఇంట్లో పెద్దలు వాటినే ఉర్దూలో ఇకాయీ, దహాయీ, సైక్‌డా, హజార్ అంటారు. పేర్లు వేరైనా స్థానాలు ఒకటే. ఒక్కో స్థానం ఎడమకు జరిగితే విలువ పది రెట్లవుతుంది. ఆనాటి అరబీలో వేయి దాటాక కొత్త పేరు లేదు. లక్షను నూరు వేలనీ, పది లక్షలను వేయి వేలనీ అనేవారు. మన దేశంలో పేర్లకు కొదవ లేదు. ఖ్వారిజ్మీ కాలానికి దగ్గరివాడైన మహావీరాచార్యుడు 24 స్థానాలకు పేర్లు చెప్పాడు. ఆయన గ్రంథాన్ని తరువాత పావులూరి మల్లన తెలుగు చేశాడు.

ఒకట్ల నుండి కుడికి జరిగితే విలువ పదో వంతుకు తగ్గుతుంది. బిందువు తరువాత మొదటిది దశాంశ స్థానం, రెండవది శతాంశ స్థానం, మూడవది సహస్రాంశ స్థానం. రూపాయిలో దశాంశం పది పైసలు, శతాంశం ఒక పైసా. ఈ మెట్టు ఖ్వారిజ్మీ తరువాత వచ్చింది. 952లో డమాస్కస్‌లో ఉఖ్లీదిసీ, 1427లో సమర్‌ఖంద్‌లో జంషీద్ కాషీ తమ గ్రంథాలలో దశాంశ భిన్నాలను వివరించారు.

హక్కుల గ్రంథం

ఖ్వారిజ్మీకి శాశ్వత కీర్తి తెచ్చినది అల్ జబ్ర్ గ్రంథం. 'ఆల్జీబ్రా' అనే మాట దాని నుండే పుట్టింది. దాని పీఠికలో ఆయన అల్లాహ్‌ను స్తుతించి, వారసత్వం, వీలునామా, వ్యాపారం, భూముల కొలత వంటి అవసరాల కోసమే దీన్ని రాస్తున్నానని తెలిపారు. గ్రంథంలో పెద్ద భాగం వీలునామాలు, వారసత్వ పంపకాల లెక్కలే. సూరె నిసాలో నిర్ణయమైన వాటాలు ప్రతి హక్కుదారుకూ సరిగా అందాలన్నదే ఆ శ్రమ.

ఆ వాటాలను నేటి అంకెల్లో చూద్దాం. సంతానం ఉన్నప్పుడు భార్య ఆస్తిలో భర్తకు నాలుగో వంతు, అంటే 0.25. భర్త ఆస్తిలో భార్యకు ఎనిమిదో వంతు, అంటే 0.125. స్థానాలు తెలియని పిల్లవాడు 25 కంటే 125 పెద్దది కనుక 0.125 పెద్దదనుకుంటాడు. కానీ మొదటిదానిలో రెండు దశాంశాలున్నాయి, రెండవదానిలో ఒక్కటే. కనుక 0.25 పెద్దది. బిందువు తరువాత అంకెలు ఎన్ని ఉన్నాయన్నది కాదు, ఏ స్థానంలో ఏ అంకె ఉందన్నది చూడాలి.

జకాత్ సంగతి కూడా అంతే. ఒక ఇంట్లో జకాత్ వర్తించే సొమ్ము 84,050 రూపాయలు ఉందనుకుందాం. నలభయ్యో వంతు 2,101 రూపాయల 25 పైసలు, అంటే 2101.25. ఇందులో పదుల స్థానంలో సున్న ఉంది. విలువ లేదు కదా అని దాన్ని వదిలేస్తే 211.25 అవుతుంది. 1,890 రూపాయలు పేదవాని చేతికి అందకుండా పోతాయి. ఇచ్చినవారు మాత్రం విధి తీరిందని నిశ్చింతగా ఉంటారు. ఏమీ లేదని మనం అనుకునే ఆ సున్న పక్కనున్న అంకెల స్థానాన్ని, దానితో పేదవాని హక్కును కాపాడుతోంది. నగల తూకంలోనూ 8.5 గ్రాములు, 8.05 గ్రాములు ఒకటి కావు. కొలతల్లో తగ్గించేవారిని సూరె ముతఫ్ఫిఫీన్ ఎంత తీవ్రంగా హెచ్చరించిందో మనకు తెలుసు.

కనుక లెక్క మనకెందుకులే అని తల్లిదండ్రులు తేలికగా తీసుకోరాదు. ఈ రమజాన్‌లో జకాత్ లెక్క వేసేటప్పుడు పిల్లలను పక్కన కూర్చోబెట్టుకోండి. ఒక్కో అంకె కింద దాని స్థానం పేరు రాయించండి. ఆడపిల్లల చేత కూడా రాయించండి. తమ వాటా ఎంతో తెలిసిన స్త్రీ హక్కును కాజేయడం అంత సులువు కాదు. ఫోను లెక్క చేసిపెట్టినా, వచ్చిన జవాబు సబబో కాదో చూసుకోవలసింది మనమే.

ఖ్వారిజ్మీ కన్నుమూసి దాదాపు 1,200 ఏళ్ళు కావస్తోంది. ఆయన సమాధి గుర్తులకంటే ఆయన నేర్పిన విద్యే లోకానికి ఎక్కువగా అందింది. ప్రయోజనకరమైన విద్య మరణానంతరం కూడా పుణ్యాన్ని చేకూరుస్తుందని మన విశ్వాసం. అణువంత మంచీ అణువంత చెడూ లెక్కకు వచ్చే దినం ఒకటుంది. ఆ దినాన ఎవరి హక్కూ మన మెడకు చుట్టుకోకుండా, ఇక్కడే సరిగా లెక్క చూసుకునే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.