గామాకు అన్నం బెట్టిందెవలు?

నిజామాబాద్ దిక్కు ఊర్లల్ల జాతరైతే కుస్తీ ఉండాల్సిందే. కొబ్బరికాయ పోటీతోని మొదలైతది, ఎండి కడెం పోటీతోని అయిపోతది. గెలిసినోన్ని భుజాల మీద ఎక్కిచ్చుకొని తిప్పుతరు. తెల్లారి ఆ పిలగాడు ఏం తింటుండు, యాడ సాధన చేస్తుండు అని అడిగెటోడు ఉండడు. గామా పహిల్వాన్ బతుకు సూస్తే గీ ముచ్చటే మతికొస్తది.

గామా అసలు పేరు గులాం మొహమ్మద్ బక్ష్. 1878ల పంజాబ్‌ల, అమృత్‌సర్ దిక్కు పుట్టిండు. ఇంటిల్లిపాది పహిల్వాన్లే. చిన్నప్పుడే నాయిన సచ్చిపోతే తాత, మామ సాదిండ్రు. 1888ల జోధ్‌పూర్ రాజు బస్కీల పోటీ పెట్టిండు. దేశం నలుమూలల నుంచి పెద్ద పెద్ద పహిల్వాన్లు 400 మందికి పైగా వచ్చిండ్రు. ఆఖరికి నిలబడ్డ 15 మందిల పదేండ్ల గామా ఒకడు. రాజు ఆ పోరన్నే గెలిసినట్టు జెప్పిండు. ఎన్కశీర దతియా రాజు పిలిపిచ్చుకొని కొలువిచ్చిండు. పాలు, నెయ్యి, బాదములు, మాంసం, అన్నీ సంస్థానం ఖర్సే. గామా పొద్దుగాల లేస్తె దండీలు, బస్కీలు, కుస్తీ. ఇంకో పని లేదు.

రాజులు పహిల్వాన్లను సాదుడు గప్పుడు కొత్తగ వచ్చింది గాదు. 12వ శతాబ్దంల మన పక్కనే ఉన్న కళ్యాణి నుంచి ఏలిన చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు రాసిన మానసోల్లాసంలనే మల్లుల తిండి గురించి, సాధన గురించి ఉన్నది. తర్వాత మొగలుల కాలంల మన మల్లయుద్ధం, పర్షియా దిక్కు నుంచొచ్చిన కుస్తీ కలిసిపోయినయ్. పహిల్వాన్ అనే మాట గూడ పర్షియాదే. మట్టి, సాధన పహిల్వాన్‌వి. తిండి మాత్రం రాజుది.

గుజ్రన్‌వాలా రహీం బక్ష్ గప్పట్ల పెద్ద పహిల్వాన్. ఎత్తు ఏడడుగులకు దగ్గర. గామా ఆరడుగులు గూడ లేడు. అయినా శాన సేపు పట్టువట్టి సమానంగ నిలబడ్డడు. గామా పేరు దేశమంత మోగింది.

1910ల లండన్ పోయిండు. ఎత్తు తక్కువున్నడని ఆడ పోటీలకు రానియ్యలే. గామా ఊకోలే. ఎంత బరువున్నోళ్లనైనా సరే, ముగ్గురిని అర్ధగంటల పడగొడ్తనని సవాల్ ఇసిరిండు. అమెరికా పహిల్వాన్ రోలర్‌ను ఓడగొట్టిండు. సెప్టెంబర్ 10న పోలెండ్ పహిల్వాన్ జిబిస్కోతోని పోటీ. జిబిస్కో పరుపు మీద బోర్ల పడి, రెండున్నర గంటలకు పైగా లేవకుంట గట్లనే కరుసుకొని ఉన్నడు. ఎల్లెలకల పడితేనే ఓటమి గదా! పోటీ తేలలే. వారానికి మళ్ల పెడ్తె జిబిస్కో రానే రాలే. జాన్ బుల్ బెల్ట్ గామాకే దక్కింది. తెల్లోడు మనల్ని ఏలుతున్న దినాలల్ల ఇది చిన్న ముచ్చట గాదు. మల్లొచ్చినంక అలహాబాద్‌ల రహీం బక్ష్‌ను గూడ గెలిసి రుస్తుం-ఎ-హింద్ అయిండు.

1928ల పటియాలా రాజు అదే జిబిస్కోను పిలిపిచ్చిండు. ఈసారి మన మట్టి మీద. నిమిషం గూడ పట్టలే, జిబిస్కో ఎల్లెలకల పడ్డడు.

గని నాకైతే గామా పెద్ద కుస్తీ 1947ల పట్టిండనిపిస్తది. దేశం రెండు ముక్కలైతున్నప్పుడు ఆయన లాహోర్ల మోహినీ రోడ్డుల ఉండె. ఆ గల్లీల హిందువుల ఇండ్లు ఉండె. మూక మీదికొస్తే, ఈ ముసలి ముసల్మాన్ పహిల్వాన్ తన శిష్యులను ఎంటేసుకొని అడ్డం నిలబడ్డడు. ఎన్కశీర ఆళ్లను సరిహద్దు దాంక పంపిచ్చిండు. బలం దేనికి పనికొస్తదో గక్కడ సూపెట్టిండు.

పక్కింటోళ్లకు అడ్డం నిలబడ్డ గామాకు ఆఖరికి నిలబడ్డోళ్లు తక్కువ. సంస్థానాలు పోయినయ్, వాటితోనే తిండి, కొలువు పోయినయ్. కొత్త సర్కార్ సరింగ పట్టిచ్చుకోలే. రోగాలు, పైసల కొరత. సరిహద్దు ఇవతలి నుంచి బిర్లా సేటు పైసలు పంపిండు. 1960 మే 23న లాహోర్లనే కన్ను మూసిండు. ఒక్క కుస్తీ గూడ ఓడిపోలేదని పేరున్న మనిషి ఆఖరికి మందులకు తిప్పలు వడ్డడు.

రాజులు పోయిండ్రు, మంచిదే. రాజుల దయ మీద బతికే కాలం మళ్ల రావొద్దు. గని ఆళ్లు పెట్టిన తిండి జాగల ఏం పెట్టినం? ఇయ్యాల గూడ కుస్తీకి ఎక్కువ ఊర్ల పిలగాండ్లు, పిల్లలే వస్తరు, అండ్ల రైతుల ఇండ్లోళ్లే ఎక్కువ. పతకం తెచ్చినంక చెక్కులిచ్చుడు గాదు, పతకం రాకముందు పాలు, గుడ్లు, ఒక కోచ్, మండలానికొక తాలీంఖాన ఇయ్యాలె. అది దానం గాదు, అడగాల్సిన హక్కు. ఈసారి జాతరల ఎండి కడెం గెలిసినోడు మీ ఊరోడైతే, ఫోటో తీసుకున్నంక ఆయన రోజూ ఏం తింటుండో గూడ జర అడుగుండ్రి.