వంటపాత్రల చిత్రకారుడు షార్దాన్

దేవతల కథలు, రాజుల విజయములు, వీరుల యుద్ధములు చిత్రించినవారే ఉత్తమ చిత్రకారులని ఐరోపా ఖండమున చిరకాలము భావింపబడెను. అట్టి దినములలో పారిస్ నగరమందలి ఒక వడ్రంగి కుమారుడు వాడిన రాగికాగును, మట్టి కూజాను, చిన్న రోలును, రెండు ఉల్లిపాయలను ఎదుట నుంచుకొని తైలవర్ణములతో చిత్రించుచు జీవితములో పెక్కు సంవత్సరములు గడపెను. ఆయనయే జాన్ బాప్తిస్త్ సిమియోన్ షార్దాన్. ఆయన కాలమున అగ్రపీఠమున కూర్చున్న చిత్రకారులలో పలువురి పేర్లు నేడు పండితులకు మాత్రమే తెలియును. షార్దాన్ వంటపాత్రలను చూచుటకు మాత్రము దేశదేశముల ప్రజలు వచ్చుచున్నారు.

షార్దాన్ 1699 వ సంవత్సరము నవంబరు 2 వ తేదీన పారిస్‌లో జన్మించెను. తండ్రి పనితనము గల వడ్రంగి. రాజుగారికి బిలియర్డు బల్లలు చేసి ఇచ్చినవాడు. కుమారునకు లాటిను భాషగాని, పురాణేతిహాసములుగాని చెప్పించు అవకాశము ఆ కుటుంబమునకు కలుగలేదు. చరిత్ర చిత్రములు వ్రాయగోరువారికి ఆ విద్య ఆవశ్యకము. ఈ లోటు షార్దాన్ మనస్సులో కడవరకు నిలిచిపోయెను.

ఆయన మొదట కాజ్ అను చిత్రకారుని కడ, పిమ్మట కోయ్‌పెల్ కడ పని నేర్చెను. ఒక వేటగాని చిత్రములో తుపాకిని మాత్రము వ్రాయుమని కోయ్‌పెల్ ఈ శిష్యునకు అప్పగించి, దానిని ఎట్లుంచవలెనో, దానిపై వెలుగు ఏ దిక్కునుండి పడవలెనో ఎంతయో శ్రద్ధతో సరిచూచెనట. ఒక సామాన్య వస్తువును చిత్రించుటకు ఇంత పరిశీలన కావలసియుండునా యని యువకుడు ఆశ్చర్యపడెను. ఆ ఆశ్చర్యమే ఆయన జీవితమునకు దారి చూపెను.

మరికొంత కాలమునకు ఎవరో ఆయనకు వేటలో చంపిన కుందేలు నొకదానిని ఇచ్చిరి. దానిని చిత్రింపదలచిన షార్దాన్, పూర్వులు కుందేళ్లను ఎట్లు వ్రాసిరో అదంతయు మరచి, తన కన్నులకు కనిపించునదే వ్రాయవలెనని నిశ్చయించుకొనెను. వెండ్రుక వెండ్రుకకు గీత గీయుట మాని, దానిని కొంత దూరమున నుంచి, మొత్తపు రూపమును, గుండ్రదనమును, వెలుగునీడలను పట్టుకొనుటకు యత్నించెను. నాటినుండి ఇదియే ఆయన పద్ధతి.

ఏటేట ఒక పర్వదినమున పారిస్‌లోని దోఫీన్ కూడలియందు యువచిత్రకారులు తమ చిత్రములను ఆరుబయట ప్రదర్శించు ఆచార ముండెను. 1728 లో షార్దాన్ అచట కొన్ని చిత్రములుంచెను. వానిలో ఒకదానియందు కడుపు చీల్చిన పెద్ద సముద్రపు చేప కొక్కెమునకు వ్రేలాడుచుండును. క్రింద ఆలిచిప్పల నడుమ ఒక పిల్లి ఒడలు ముడుచుకొని నిలిచియుండును. ఆ సంవత్సరము సెప్టెంబరులో ఈ చిత్రమును, మరియొకదానిని రాజాస్థాన చిత్రకళా పరిషత్తు వారు స్వీకరించి ఆయనను సభ్యునిగా చేర్చుకొనిరి. పరిషత్తులోని వృద్ధ చిత్రకారుడు లార్జిలియేర్ వానిని చూచి, ఎవరో ప్రసిద్ధుడైన ఫ్లాండర్సు దేశస్థుని చిత్రములని భ్రమపడెనని ప్రతీతి.

సభ్యత్వము లభించెను గాని హోదా లభింపలేదు. పరిషత్తులో చిత్రకళకు మెట్లుండెను. చరిత్ర చిత్రము పైమెట్టు. మనుష్యుల రూపచిత్రములు దాని దిగువ. జంతువులు, పండ్లు, పాత్రలు అన్నిటికంటె క్రిందిమెట్టు. షార్దాన్ జంతువులను, పండ్లను చిత్రించువాడుగా నమోదయ్యెను. పెద్ద పదవులు, పెద్ద వెలలు పైమెట్టువారికే దక్కుచుండెను.

1731 లో ఆయన మార్గరీత్ సేంతార్‌ను వివాహమాడెను. సంబంధము కుదిరిన నాటికి వధువుది కలిగిన కుటుంబము. వివాహము నాటికి ఆ సిరి తరిగిపోయినను షార్దాన్ మాట తప్పలేదని ఆయన మిత్రుడు వ్రాసిన జీవితచరిత్ర తెలుపుచున్నది. నాలుగేండ్లకే ఆమె కన్నుమూసెను. చిన్నకుమార్తెయు దక్కలేదు. ఒక్క కుమారుడు మిగిలెను. ఈ దినములలోనే ఆయన రాగి నీళ్లతొట్టి చిత్రమును వ్రాసెను. కొయ్యకాళ్లపై నిలిచిన తొట్టి, దానికి కుళాయి, క్రింద నీళ్లు పట్టు పాత్రలు. అంతకు మించి అందు ఏమియు లేదు. కాని ఆ రాగిపై పడిన వెలుగును చూచిన, ఎందరి చేతులో నిత్యము దానిని తాకి నునుపు చేసినవని తోచును.

ఆయన పని మిక్కిలి నెమ్మది. వస్తువులను ఎదుటనుంచి, ముందుగా కాగితముపై రేఖాచిత్రము తయారుచేసికొనక, సరాసరి గుడ్డపై రంగులు పెట్టెడివాడు. ఒక రంగు ప్రక్కన ఒక రంగును చిక్కగా ఉంచెడివాడు. రాగికాగు ఎఱుపు ప్రక్కనున్న వెండి గిన్నెలో లీలగా ప్రతిఫలించును. దగ్గర నిలిచి చూచిన రంగుల పూతలే కానవచ్చును. నాలుగడుగులు వెనుకకు జరిగిన పాత్ర కన్నులకు కట్టును. అవే గిన్నెలు, అవే కాగులు ఆయన చిత్రములలో మరల మరల కనిపించును. ఒకే పాత్రలో ప్రతిసారియు చూడని దేదో ఆయనకు మిగిలియుండెను.

నడుమ కొంతకాలము ఇంటి మనుష్యులను చిత్రించెను. భోజనమునకు ముందు పిల్లలచే ప్రార్థన చేయించు తల్లి చిత్రమును 1740 లో పదునైదవ లూయీ రాజునకు సమర్పించెను. 1744 లో ఫ్రాన్స్వాజ్ మార్గరీత్ పూజే అను వితంతువును వివాహమాడుటతో సంసారము కుదుటపడెను. 1752 లో రాజు 500 లీవ్రుల భరణ మేర్పరచెను. 1757 లో లూవ్రు సౌధమున నివాసము లభించెను. 1755 నుండి ఆయన పరిషత్తునకు కోశాధికారియై లెక్కలు చూచుచు, ప్రదర్శనలలో ఇతరుల చిత్రములను గోడలపై అమర్చు బాధ్యతను కూడ వహించెను. విమర్శకుడైన దిదెరో ఆయనను ఎంతయో శ్లాఘించెను. అయినను షార్దాన్ అతనితో, చెడు చిత్రములను చూచినపుడు కూడ దయ విడువవలదనియు, బాల్యముననే బలపము చేతబట్టి ఏండ్ల తరబడి శ్రమించియు విఫలులైనవారి దుఃఖమును తలచుకొనవలెననియు చెప్పెను.

ఆ మాటలలో తండ్రి గుండెయు కలదు. తాను ఎక్కలేని మెట్టును కుమారుడు ఎక్కవలెనని షార్దాన్ ఆశించెను. తనకు లేని విద్యను చెప్పించి అతనిని చరిత్ర చిత్రకారునిగా తీర్చిదిద్దెను. 1754 లో కుమారునకు రోము నగరమునకు పంపు రాజబహుమతి లభించెను. కాని ఆ యువకుని చేయి సాగలేదు. 1762 లో జెనోవా సమీపమున ఆంగ్లేయ ఓడదొంగలకు చిక్కి విడుదలయ్యెను. తుదకు తండ్రి బ్రతికియుండగనే వెనిస్ నగరమున మరణించెను. లోకము గొప్పదన్న మెట్టు కొడుకును నిలుపలేదు. తండ్రి క్రిందిమెట్టున నిలిచియే కుంచె విడువలేదు.

వార్ధక్యమున ఆయన కన్నులు మసకబారెను. ఏండ్ల తరబడి వాడిన సీసపు రంగులే దీనికి హేతువని తలచుచున్నారు. తైలవర్ణములు సరిపడకపోగా పాస్టెలు బలపములు చేపట్టి, 1771 లో కొత్త పనివానివలె ప్రదర్శనకు వచ్చెను. ముక్కుపై కన్నద్దములు, తలకు గుడ్డ చుట్టుకొనిన తన రూపమునే దాపరికము లేక చిత్రించుకొనెను. 1774 నుండి చరిత్ర చిత్రములనే ఆదరించు కొత్త అధికారుల క్రింద ఆయనకు మన్నన తగ్గెను. 1779 డిసెంబరు 6 వ తేదీన లూవ్రు నివాసముననే పరమపదించెను.

పిమ్మట చాల కాలము ఆయనను లోకము మరచెను. పందొమ్మిదవ శతాబ్ది నడుమ రసికులు మరల గుర్తించిరి. 1869 లో లా కాజ్ అను వైద్యుడు తాను సేకరించిన చిత్రములను లూవ్రు ప్రదర్శనశాలకు ధారపోసెను. వానిలో షార్దాన్ చిత్రములు పెక్కు కలవు. సెజాన్, మాతిస్ వంటి నవీనులు ఆయనను గురువుగా భావించిరి. చేప చిత్రమును మాతిస్ లూవ్రులో నిలిచి నకలు వ్రాసికొనెను.

షార్దాన్ 1761 లో వ్రాసిన అడవి స్ట్రాబెరీ పండ్ల బుట్ట చిత్రము 2022 లో పారిస్ వేలమున 2 కోట్ల 40 లక్షల యూరోలకు పైగా పలికెను. అది దేశము దాటిపోకుండ ఫ్రాన్సు ప్రభుత్వము అడ్డగించెను. ధనిక సంస్థల సొమ్మునకు వేలాది సామాన్యుల చందాలు తోడుకాగా 2024 లో లూవ్రు దానిని దక్కించుకొనెను. ఒక బుట్టెడు పండ్లు, ఒక గాజు గ్లాసులో నీళ్లు, రెండు తెల్లని పూవులు: దీనికై జనులు చందాలిచ్చిరి. చందాతో నిలిచిన సంస్థ విలువ గ్రంథాలయ పాఠకులకు వేరుగ చెప్పనక్కరలేదు. పరిషత్తు ఏర్పరచిన మెట్లు కూలిపోయినవి. వంటయింటి మూలనున్న రాగితొట్టి మాత్రము నేటికిని వెలుగుచునే యున్నది.